నాన్న గొంతుకి సాయంత్రం టైమిచ్చాం

నేను కోనసీమలో ఒక చిన్న టౌన్లో, సైకియాట్రిస్టు గారి క్లినిక్‌లో సైకాలజిస్టుగా పనిచేస్తాను. మందులు రాయడం డాక్టరు గారి పని. కూర్చోబెట్టి మాట్లాడటం, ఇంట్లోవాళ్లకి నచ్చజెప్పడం, రావాల్సిన రోజు రాకపోతే ఫోన్ చేసి కనుక్కోవడం నా పని. స్కిజోఫ్రీనియా వల్ల లేని గొంతులు వినపడే ఒకతని కేసు ఇది. ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో నేను పుస్తకాల్లోంచి తీసి ఇచ్చిన సలహాలు వరసగా బోల్తా కొట్టాయి, పనికొచ్చిన ఉపాయం మాత్రం మొదటి రోజునుంచీ పేషెంటు దగ్గరే ఉంది, నేను అడగలేదు కాబట్టి మూడు నెలలు దండగైపోయాయి.

పేరు, ఊరు, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. రాసింది అతనికి చదివి వినిపించాను కూడా. "రాయండి మేడం, పేరు మాత్రం సూరిబాబు అని పెట్టండి, నాకు ముందునుంచీ ఆ పేరంటే ఇష్టం" అన్నాడు. కాబట్టి సూరిబాబు.

అంతకుముందు జరిగింది

మా దగ్గరకి వచ్చేనాటికి సూరిబాబుకి 34 ఏళ్లు. గోదావరి పాయ ఒడ్డున లంకలో ఇల్లు. తొమ్మిదో తరగతితో బడి ఆపేసి కొబ్బరి ఒలుపులోకి వెళ్లాడు. తండ్రి దింపు కార్మికుడు, చెట్టెక్కడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి, పరమ కోపిష్టి. సూరిబాబుకి 22 ఏళ్లప్పుడు కామెర్లతో పోయాడు. తల్లి అప్పటికి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంది. మావైపు వీధికొకరైనా గల్ఫ్‌లో ఉంటారు కదా, అలాగే. భర్త పోయాడని కబురు తెలిసినా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడంతో ఆవిడ రాలేకపోయింది. తలకొరివి పెట్టింది సూరిబాబే, పదకొండు రోజులూ ఇంట్లో ఉన్నది అక్క ఒక్కతే.

ఆ తరవాత రెండేళ్లకి మొదలైంది. ముందు నిద్ర పోయింది. తరవాత పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కితే అందరూ తనని చూసే నవ్వుకుంటున్నారని పంటు ఎక్కడం మానేశాడు. ఆ తరవాత గొంతులు. అక్కది అదే ఊరు, ఆవిడే చూసుకుంది. అంత్రం కట్టించారు, ఎవరో చెబితే గుళ్లో పదకొండు నిద్రలు చేయించారు, ఇంకెవరో చెబితే ఆదివారం ప్రార్థనకి తీసుకెళ్లారు. వీటిని నేను ఎప్పుడూ వెక్కిరించను. మనిషికి ఏమైందో తెలియనప్పుడు దగ్గర్లో ఎవరు సాయం చేస్తామంటే వాళ్ల దగ్గరకే వెళ్తారు, మా క్లినిక్ అప్పటికి ఇరవై కిలోమీటర్లు, మధ్యలో పంటు. కాకపోతే ఈ తిరుగుళ్లలో మూడేళ్లు పోయాయి, స్కిజోఫ్రీనియాలో మందు పడకుండా గడిచిన కాలం ఎంత ఎక్కువైతే తరవాత కోలుకోవడం అంత కష్టం. "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అని మధ్యలో పెళ్లి కూడా చేశారు. ఆ అమ్మాయి ఎనిమిది నెలలు ఉండి వెళ్లిపోయింది. ఆమెకి జబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు, కాబట్టి ఆమెని నేనేమీ అనను. పెళ్లి మందు అని ఇంకా ఎంతమంది నమ్ముతారో!

స్కిజోఫ్రీనియా అంటే మనిషి రెండుగా చీలిపోవడం అని సినిమాలు చూసినవాళ్లు అనుకుంటారు. అది కాదు. లేని మాటలు వినిపించడం, లేని కుట్రలు కనిపించడం, ఆలోచన పట్టు తప్పడం, ఒక్కోసారి అసలు ఏ పనికీ మనసు లేవకపోవడం, ఇవీ లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పెద్దవాళ్లలో రెండొందల పైచిలుకు మందికి ఒకరికి ఉంటుంది. అంటే కనుమ నాడు ప్రభల తీర్థంలో నిలబడితే మన చుట్టూ చాలామందే ఉంటారు, మనకి తెలియదంతే.

ఎందుకొచ్చాడు

2021 దీపావళి వెళ్లిన వారానికి అక్క తీసుకొచ్చింది. కొబ్బరి కొట్లో పని పోయింది. ఒలుస్తూ ఒలుస్తూ చేతిలో కాయ పట్టుకుని బొమ్మలా నిలబడిపోతున్నాడట, అరగంటైనా కదలడు. ఒలుపంటే చూడనివాళ్లకి చెప్తాను: నేలలో నిలువుగా పాతిన ఇనుప మొన మీద కాయని రెండు చేతులతో పొడిచి, మెలితిప్పి, డొక్క చీలుస్తారు. ఆ మొన ముందు మనిషి ధ్యాస తప్పి నిలబడిపోతే కొట్టు యజమానికి భయం వేయకుండా ఎలా ఉంటుంది?

వినిపించే గొంతులు రెండు. ఒకటి ఎవరిదో ఆడగొంతు, ముక్కూ మొహం తెలియదు, సూరిబాబు చేసే ప్రతి పనీ చెబుతుంది: "ఇదిగో కాయ తీశాడు, ఇదిగో చూస్తున్నాడు." రెండోది నాన్నది. "ఆ కాయ కాదురా సన్నాసీ, పక్కది." "పెళ్లాన్ని నిలబెట్టుకోలేనివాడివి, కాయేం ఒలుస్తావు."

నాన్న గొంతు అనగానే నాకొక సంగతి గుర్తొచ్చింది. మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్, చెన్నైలో డాక్టర్ పద్మావతి, ఇంకొందరు కలిసి అమెరికాలో, ఘనాలో, చెన్నైలో గొంతులు వినిపించే పేషెంట్లని, చోటుకి 20 మందిని, కూర్చోబెట్టి మాట్లాడించారు. చెన్నైవాళ్లలో చాలామందికి వినిపించేవి అయినవాళ్ల గొంతులే, ఇంటిపని పురమాయించేవి, తిట్టేవి, బుద్ధి చెప్పేవి. అమెరికావాళ్లకి ఎక్కువగా ముక్కూమొహం తెలియని హింసించే గొంతులు. నేనది ఎప్పుడో చదివాను, చదివి పక్కన పెట్టాను. ఆ ముక్క అప్పుడే వాడుకుని ఉంటే కింద చెప్పబోయే రెండో తప్పు చేసేదాన్ని కాదు.

మొదటి రోజే ఒకటి సూటిగా అడిగాను: "చచ్చిపొమ్మని గానీ, ఎవరినైనా కొట్టమని గానీ ఎప్పుడైనా చెప్పిందా?" ఇలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని కొత్తగా వచ్చినవాళ్లు భయపడతారు. పుట్టించం. అడక్కపోతే చెప్పరు, అంతే. చాలాసేపు నేలచూపులు చూసి, "కాలవలో దూకమంది మేడం, ఒక్కసారి, పోయిన ఏడు" అన్నాడు. అక్కకి ఆ సంగతి అప్పుడే తెలిసింది. అందుకని ముందే ఒక గీత గీశాం: ఆ మాట మళ్లీ వస్తే ఏ ఉపాయమూ వాడొద్దు, ఒంటరిగా ఉండొద్దు, అక్కకి చెప్పాలి, అక్క మాకు ఫోన్ చెయ్యాలి, అర్ధరాత్రయినా సరే. ఇప్పుడైతే 14416 టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు కూడా రాసిస్తున్నాను, అప్పటికి అది లేదు.

మందుల దగ్గర చిక్కు

గొంతుల సంగతి చూసేముందు మందుల ముడి విప్పాలి. అంతకుముందు మూడుసార్లు మందు ఆపేశాడు. కాగితాల మీద ప్రతిసారీ "పేషెంటు సహకరించలేదు" అనే ఉంది. ఎందుకు ఆపావని అడిగినవాళ్లు లేరు. ఒలుపు తెల్లారగట్ల అయిదింటికి మొదలు, రాత్రి పదింటికి ఒలాంజపిన్ (గొంతులు తగ్గడానికి ఇచ్చే మాత్ర) వేసుకుంటే ఏడింటిదాకా కళ్లు తెరవలేడు. జట్టు వెళ్లిపోతుంది, కూలి పోతుంది. మాత్ర మానేస్తే కూలి వస్తుంది. ఆ లెక్క వేసుకుని మానేశాడు, అందులో పిచ్చి ఏముంది? డాక్టరు గారు మాత్రని సాయంత్రం ఏడున్నరకి మార్చారు. వారంలో నాలుగున్నరకి లేవగలిగాడు.

ఇంకో చిక్కు. పెద్దాసుపత్రిలో రెండుసార్లు చేర్చారు, రెండుసార్లూ రెండు వారాల్లో తేరుకున్నాడు, ఇంటికొచ్చిన నెలకే మళ్లీ మొదలు, తల్లి దగ్గరుండి మాత్ర వేయిస్తున్నా. (ఆవిడ అప్పటికి కువైట్ నుంచి వచ్చేసింది.) "నాలిక కింద దాచి ఉమ్మేస్తున్నాడు" అని ఆవిడ, "లేదే" అని ఇతను, రోజూ రభస. డాక్టరు గారు ఒక్క ప్రశ్న వేశారు: "బీడీలు ఎన్ని?" ఇంటి దగ్గర రోజుకో కట్ట. వార్డులో కాల్చనివ్వరు కదా. పొగలో ఉండే పదార్థాలు ఒలాంజపిన్‌ని అరిగించే లివర్ ఎంజైముని రెచ్చగొడతాయి, మందు ఒంట్లో నిలవదు. నికోటిన్ కాదు, పొగే ఆ పని చేస్తుంది. అదే కారణానికి, కాల్చేవాడు ఉన్నట్టుండి మానేస్తే అదే డోసు ఎక్కువైపోతుంది, కాబట్టి మానేముందు డాక్టరుకి చెప్పాలి. డోసు దానికి తగ్గట్టు మార్చారు. తల్లి అనుమానం తీరిపోయి "అయ్యో, నాయనా, ఊరికే తిట్టానే" అని అక్కడే కళ్లు తుడుచుకుంది. ఇదంతా అయ్యాక కూడా గొంతులు పోలేదు. తగ్గాయి. మందు వల్ల చాలామందికి గొంతులు బాగా తగ్గుతాయి, కొందరికి పూర్తిగా పోతాయి, కొందరికి కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదానితో బతకడం ఎలా అన్నదే నా వంతు.

నేను చేసిన తప్పులు

మొదటిది ఇయర్‌ఫోన్స్. గొంతులు వస్తే పాటలు వినమనడం ఎక్కడైనా మొదట చెప్పే సలహా, కొందరికి నిజంగానే పనిచేస్తుంది. సూరిబాబుకి ఫోన్లో పాత పాటలు ఎక్కించి పంపాను. పది రోజులకి వచ్చి ఇయర్‌ఫోన్స్ టేబుల్ మీద పెట్టేశాడు. పాటలో మాటలు తనకోసమే రాసినట్టు అనిపించాయట, పైగా ఆడగొంతు వైరులోంచే రావడం మొదలుపెట్టిందట. టీవీలో, రేడియోలో తన గురించే చెప్తున్నారనే అనుమానం ఇంతకుముందు ఉన్న మనిషికి చెవిలోకి ఎవరి మాటలో పంపించడం ఏం తెలివి? పైగా కొట్లో కుర్రాళ్లు "ఏంటి బాబాయ్, హీరోవైపోయావ్" అని ఏడిపించారు. ఆ రెండో కారణం నాకు అసలు తట్టనే లేదు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. గొంతుకి ఎదురు చెప్పమన్నాను. "నోరు ముయ్, నీ మాట వినను" అని గట్టిగా అనమని క్లినిక్‌లో ప్రాక్టీసు కూడా చేయించాను. ఆడగొంతు విషయంలో ఏదో కాస్త పనిచేసింది. నాన్న గొంతుని ఒకసారి అలా అన్నాడు, ఆ రాత్రంతా కూర్చుని ఏడ్చాడు. మర్నాడు గొంతు రెట్టింపైంది: "తలకొరివి పెట్టినవాడివి, నన్నే నోరు ముయ్యమంటావా." అక్క ఫోన్ చేసి నా మీద కేకలేసింది. న్యాయమే. బతికున్నప్పుడు ఆ తండ్రి ముందు గట్టిగా దగ్గని కొడుకు, చచ్చిపోయాక నోరు ముయ్యమని ఎలా అంటాడు? అది లేని గొంతని నాకు తెలుసు, సగం సమయాల్లో అతనికీ తెలుసు, కానీ తప్పు చేశానన్న బాధ నిజమే కదా.

పంటు మీద నవ్వేవాళ్ల గురించి రుజువులు అడుగుతూ రెండు సెషన్లు వాదించాను. ఆ రెండు సెషన్లూ శుద్ధ దండగ. అప్పటికి మా మధ్య అంత నమ్మకం లేదు, లాయరులా అడుగుతుంటే నేనూ వాళ్లలో కలిసిపోయానని అనుకున్నాడు.

అక్క చెప్పిన ముక్క

ఫిబ్రవరిలో అనుకుంటా, మందులకి వచ్చినప్పుడు అక్క వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "మరేనండి మేడం, వీణ్ణి లెక్కకి పెడితే బానే ఉంటున్నాడండి. ఒలుపుకి పెడితేనే ఆగిపోతున్నాడు." ఊళ్లో ఇంకో కొట్టువాళ్లు రెండు రోజులు మనిషి తక్కువై పిలిచారట.

ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టాను. అదే కొట్టు, అవే కాయలు, అదే మనిషి. ఒక పనిలో గొంతులొస్తున్నాయి, ఇంకోదాంట్లో రావట్లేదు. ఎందుకు? సూరిబాబుని అడిగితే "ఏమో మేడం, లెక్కలో ఉంటే వినపడదు" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. ఆ శనివారం నేనే వెళ్లి చూశాను.

కొబ్బరి రాశి ముందు వంగి, ఒక్కో చేత్తో రెండేసి కాయల ముచ్చికలు పట్టుకుని, నాలుగూ ఒక్కసారిగా పక్క రాశిలోకి విసురుతూ, పైకి, కాస్త రాగంగా: "లాభం... లాభం... రెండూ రెండు... మూడూ మూడు..." ఒకటి అనరు, లాభం అంటారు, మన ఇళ్లల్లో ధాన్యం కొలిచేటప్పుడు అన్నట్టే. ప్రతి విసురుకీ ఊపిరి బయటికి. పాతిక విసుర్లకి వంద, వందకో కాయ విడిగా పక్కన, వెయ్యికి తలుపు చెక్క మీద బొగ్గుతో గీత. గంటన్నర చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఒలుపులో అలా కాదు. చేతులు వాటంతట అవే పనిచేస్తాయి, నోరు ఖాళీ, బుర్ర ఖాళీ, గొంతులకి కావలసినంత చోటు.

దీనికి వెనక కొంత శాస్త్రం ఉంది. గొంతులు వినిపిస్తున్నప్పుడు కొందరు పేషెంట్లలో మాట్లాడే కండరాలు పైకి తెలియనంతగా కదులుతుంటాయని 1940ల్లోనే గూల్డ్ అనే ఆయన గమనించాడు. మన లోపలి మాటే మనది కానట్టు వినిపిస్తుందన్న వాదన ఒకటుంది, అందరూ ఒప్పుకున్నదేం కాదు. కానీ నోటికి పనిచెబితే, కూనిరాగం తీస్తే, పైకి చదివితే, లెక్కపెడితే కొంతమందికి గొంతు తగ్గుతుందన్నది మాత్రం చాలాచోట్ల చూసిన సంగతే. ఇంగ్లండులో నికొలస్ టారియర్ అనే సైకాలజిస్టు చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది: పేషెంటు తనంతట తాను ఇప్పటికే ఏదో ఒకటి చేస్తూ ఉంటాడు, ముందు అదేంటో కనుక్కో, తరవాత దాన్నే పదును పెట్టు. నేను చదివాను. పరీక్షలో రాశాను కూడా. సూరిబాబుని మాత్రం "గొంతులు వచ్చినప్పుడు మీరేం చేస్తారు" అని ఒక్కసారీ అడగలేదు, ఏం చెయ్యాలో చెప్పడంలోనే మునిగిపోయాను.

మర్నాటి సెషన్లో కొలిచి చూశాం. గొంతు ఎంత గట్టిగా ఉందో పదికి మార్కులు వెయ్యమన్నాను. ఊరికే కూర్చుంటే 7. పాట వింటే 7. పేపరు పైకి చదివితే 5, కానీ చదువు మీద అంత అలవాటు లేదు, విసుగొచ్చేసింది. లెక్కపెడితే 2. ఆపగానే అర నిమిషంలో మళ్లీ 6. అంటే ఇది గొంతుని చంపడం లేదు, కాసేపు పక్కకి నెడుతోంది. దానికి నాకు నిరాశ కలగలేదు. ఒక లోడు దించి లెక్క ముగించడానికి గంటన్నర చాలు, కూలి చేతికొస్తుంది.

ఇయర్‌ఫోన్స్‌కీ దీనికీ పెద్ద తేడా ఇంకోటి ఉంది. కొబ్బరి కొట్లో పైకి లెక్కపెట్టే మనిషిని ఎవరూ వింతగా చూడరు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకి మనం చెప్పే ఉపాయాల్లో సగం, నలుగురి మధ్య చేస్తే ఇంకా పిచ్చివాళ్లలా కనపడేవే. వాళ్లు మానేస్తారు, మనం "సహకరించలేదు" అని రాసుకుంటాం.

యజమానితో ఏం చెప్పాలన్నది సూరిబాబే తేల్చాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం కూడా జబ్బు వివరాలు గోప్యంగా ఉంచాలి, నేను అతని అనుమతి లేకుండా ఒక్క మాట మాట్లాడను. "తలకి సంబంధించిన మందులు వాడుతున్నానండి, లెక్క నాకిస్తే తప్పు రాదండి, మొన మీద పని మాత్రం ఇప్పుడే వద్దండి" అని చెప్పాడు. పాత యజమాని రెండు లోడ్లు ఇచ్చి చూశాడు. కొబ్బరి వ్యాపారంలో లెక్క తప్పని మనిషి దొరకడం అంత సులువు కాదు, అది మాకు కలిసొచ్చింది.

నాన్న సంగతి

ఆడగొంతు లెక్కకి లొంగింది. నాన్న గొంతు ఇంటి దగ్గర, ఖాళీగా ఉన్నప్పుడు పట్టుకుంటుంది. అక్కడ కాయలుండవు. లోపల్లోపల అంకెలు అనుకున్నా పెద్దగా లాభం లేకపోయింది.

నోరు ముయ్యమనడం కుదరదని తేలిపోయింది కాబట్టి వేరేలా ఆలోచించాను. "నాన్నగారు బతికున్నప్పుడు మీకు పనుండగా పిలిస్తే ఏమనేవారు?" అని అడిగాను. "వస్తన్నా నాన్నా, ఈ రెండు కాయలు కొట్టేసి వస్తన్నా అనేవోణ్ణి మేడం. కాసేపు ఊరుకునేవోడు." అదే చెప్పమన్నాను. గొంతు వచ్చినప్పుడు ఫోన్ చెవికి పెట్టుకుని, "పనిలో ఉన్నా నాన్నా, సాయంత్రం మాట్లాడదాం." ఫోన్ ఉంటే చూసేవాళ్లకి అనుమానం రాదు. సాయంత్రం మాత్రం నిజంగానే కూర్చోవాలి, ఆరున్నర నుంచి పావుగంట. ఆ పావుగంటలో ఏమంటే అది వినడం, అవసరమైతే జవాబు చెప్పడం, అలారం మోగితే "రేపొస్తా" అని లేవడం. లేచాక అన్నం, ఏడున్నరకి మాత్ర. గొంతుకి అపాయింట్‌మెంటు ఇవ్వడం నేను కనిపెట్టిందేం కాదు, చాలామంది వాడతారు. మర్యాదగా వాయిదా వెయ్యడం మాత్రం సూరిబాబుది.

ఎక్కడ కూర్చోవాలన్నప్పుడు రేవు మెట్లు బాగుంటాయన్నాడు, నేను సరే అనేశాను. తల్లి ఒప్పుకోలేదు. "అసురసంధ్య వేళ రేవుకి పంపిస్తారా, గాలీ ధూళీ తగలదూ?" నవ్వబోయి ఆగాను. కాలవలో దూకమన్న గొంతు వినే మనిషిని, చీకటి పడే వేళ, ఒంటరిగా, నీళ్ల పక్కన కూర్చోబెట్టబోయింది నేను! ఆవిడ చెప్పిన కారణం వేరు, మాట మాత్రం కరెక్టు. అక్క ఇంటి అరుగుకి మార్చాం, లోపల అక్క వంట చేసుకుంటూ ఉంటుంది.

తల్లితో ఇంకో పని మిగిలింది. రోజుకి పదిసార్లు "మాత్రేసుకున్నావా? నిద్రపట్టిందా? ఏమైనా వినపడతందా?" ప్రేమే, కానీ జార్జ్ బ్రౌన్ అనే ఆయన లండన్‌లో మొదలుపెట్టిన పని వల్ల తేలిందేంటంటే, ఇంట్లో విమర్శ, కోపం, ఇలాంటి అతి జాగ్రత్త ఎక్కువగా ఉంటే జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. ఆవిడకి "అడక్కండి" అంటే కుదరదు, భర్త పోయినప్పుడు రాలేకపోయిన మనిషి, కొడుకు దగ్గర ఆ బాకీ తీర్చుకుంటోంది. అడక్కుండా తెలుసుకునే దారి కావాలి. సూరిబాబే చెప్పాడు, మాత్ర వేసుకోగానే వంటింటి తలుపు చెక్క మీద బొగ్గుతో గీత పెడతానని, వెయ్యికాయల గీతలాగా. ఆవిడ చెక్క చూసుకుంటుంది. గీత లేకపోతేనే నోరు తెరవాలి. మొదటి వారం ఆవిడ చెక్కా చూసింది, అడిగింది కూడా. మూడో వారానికి అలవాటైంది.

వరదలో

2022 జూలై వరద గుర్తుండే ఉంటుంది, భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటి వచ్చింది, లంకలన్నీ మునిగాయి. వీళ్లని బడిలో పెట్టిన పునరావాస కేంద్రానికి తెచ్చారు. మాత్రలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆధార్ కార్డుల డబ్బాలోనే పెట్టుకోమని జూన్‌లోనే చెప్పి ఉంచాం, అవి తడవలేదు. అయినా మూడో రోజుకి గొంతులు విరుచుకుపడ్డాయి. లెక్కపెట్టడం పనిచెయ్యలేదు. నాన్నకి వాయిదా పనిచెయ్యలేదు. ఒక్క గదిలో నలభై మంది, పిల్లల ఏడుపులు, దోమలు, రాత్రికి రెండు గంటల నిద్ర. నిద్ర లేనిచోట ఏ ఉపాయమూ నిలబడదని నాకు బాగా తెలిసొచ్చింది అక్కడే.

నిలబెట్టింది వేరే. సూరిబాబు దగ్గర మేము రాయించిన గుర్తుల కాగితం ఒకటుంది: నిద్ర నాలుగు గంటల కంటే తగ్గితే, తలుపు గడియ మాటిమాటికీ చూస్తుంటే, అన్నంలో ఎవరో ఏదో కలిపారనిపిస్తే అక్కకి చెప్పాలి. మూడూ వచ్చాయి, మూడో దానికి చెప్పాడు. అక్క ఫోన్ చేసింది, డాక్టరు గారు తాత్కాలికంగా డోసు పెంచారు, నేను అక్కడి డ్యూటీ వాళ్లని బతిమాలి వరండా చివర, అలికిడి తక్కువున్న చోట చాప వేయించాను. ఆసుపత్రిలో చేర్చకుండా గట్టెక్కాం, కానీ అది తృటిలో తప్పిందనే అంటాను. మళ్లీ కొట్టుకి వెళ్లడానికి నెలన్నర పట్టింది.

ఈ కేసు తరవాత నేను మార్చుకున్నవి చిన్నవే. కొత్తగా ఎవరొచ్చినా మొదటి అరగంటలో సలహా ఇవ్వను, "ఇది వచ్చినప్పుడు ఇప్పటిదాకా మీరేం చేస్తున్నారు, ఎప్పుడు తక్కువగా ఉంటుంది" అని అడుగుతాను. గొంతు ఎవరిదో, బతికుండగా వాళ్లతో ఎలా మాట్లాడేవారో అడుగుతాను. ఇచ్చిన ఉపాయం నలుగురిలో చేస్తే ఎలా కనపడుతుందో ముందు నేను చేసి చూస్తాను. లెక్కపెట్టడం మాత్రం ఇంకో నలుగురికి చెప్పి చూశాను, ఒక్కరికి పనిచేసింది, ముగ్గురికి లేదు. అందులో ఒకావిడకి తిరగలి తిప్పేటప్పుడు వాళ్లమ్మ పాడే పాట పనిచేసింది, ఇంకొకాయనకి ఏదీ పనిచెయ్యలేదు, డాక్టరు గారు మందు మార్చాల్సి వచ్చింది.

వికలాంగుల చట్టం 2016లో మానసిక జబ్బు కూడా ఉంది, సర్టిఫికెట్ తీసుకుంటే పింఛను వస్తుందని సూరిబాబుకి రెండుసార్లు చెప్పాను. "పిచ్చోడని కాగితం ఇస్తారా మేడం" అన్నాడు. బలవంతం చెయ్యలేదు. ఆలోచిస్తున్నాడు.

ఇప్పుడు లెక్కకి నాలుగు రోజులు వెళ్తాడు, బీడీలు సగానికి తగ్గించాడు, పంటు ఎక్కుతాడు, వెనకవైపు నిలబడతాడు. మొన్న వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పాడు. నాన్న ఈ మధ్య సాయంత్రాలు సరిగ్గా రావట్లేదట, వారంలో రెండు మూడు రోజులే. "రాని రోజు ఆ పావుగంట ఏం చెయ్యమంటారు మేడం?" అలాంటి రోజుకి నేనేమీ ఆలోచించి పెట్టలేదు. "మీరేం చేస్తున్నారు?" అని అడిగాను.

"అరుగు మీదే కూర్చుంటున్నానండి. అలారం మోగాక లేస్తున్నా."